కొట్టం గోడ జోలికి తొందరపడి పోవద్దు

నాయనా,

పాత మిద్దెని పడగొట్టకుండా బాగు చేయిస్తానని నువ్వు ఫోన్లో చెప్పిన రోజు సంతోషంతో నాకు నిద్ర పట్టలేదు. అయితే కొట్టాన్ని బెడ్‌రూమ్ చేస్తానన్నావే, అక్కడ మాత్రం నా మాట విను.

మన బేతంచెర్ల వైపు పాత ఇళ్ల సంగతి నీకు తెలిసిందే. నాపరాయి, మట్టి అడుసుతో కట్టిన రెండడుగుల గోడలు, పైన దూలాలు, వాటికి అడ్డంగా దంతెలనే సన్న కర్రలు, వాటి మీద చవుడు మట్టి. వాకిలి దాటగానే ఒక పక్క ఎద్దులు మేత మేసే గాడి, ఇంకో పక్క మనుషులు. దొంగల భయం లేకుండా, అర్ధరాత్రి లేచి ఎద్దులకు మేత వేయడానికి ఒకే కప్పు కింద ఉండేవాళ్లం.

ముందు మిద్దె మీదికి ఎక్కి చూడు. ఏటా వానలకు ముందు కొత్త చవుడు పోశామే గానీ పాతది తీసింది లేదు. ఆరంగుళాల మట్టంటేనే చదరపు మీటరుకు సుమారు 250 కిలోలు. మనదాని మీద అడుగు మందం ఉంది. దూలాలకు ఊతకర్రలు పెట్టించి, ఆ మట్టిని రెండు వైపులా సమంగా దింపించు. దూలం సాధారణంగా గోడలో దూరిన కొన దగ్గరే పుచ్చుతుంది. అక్కడ మేకుతో పొడిచి చూడు, మెత్తగా దిగితే మార్చాల్సిందే.

ఇక కొట్టం గోడ. మోకాలెత్తు వరకు తెల్లగా నూగు పట్టి ఉంటుంది, వేలితో రాస్తే పొడి రాలుతుంది. అది ఉప్పు. తరాల తరబడి పశువుల ఉచ్చ బండల సందుల్లో ఇంకి గోడకెక్కింది. ఆ ఉప్పు గాలిలో తేమను కూడా లాగుతుంది. పైన సిమెంటు పూస్తే తడికి బయటికి దారి ఉండదు. పన్నెండేళ్ల కిందట ముందుగదికి నేనే పూయించాను. మూడో వానాకాలానికి పెచ్చులూడాయి. లోపలి అడుసు చేత్తో తీస్తే వచ్చేసింది, రాయి కదిలింది. ఆ రోజు పడిన టెన్షన్ నీకొద్దు.

గాడి పక్క బండలు లేపి, కింది మన్ను తవ్వి పొలానికి తోలు, చేనుకి మంచి బలం. గోడని ఒక వేసవంతా ఎండనీ. ఉప్పుని పొడి బ్రష్‌తో దులిపి ఎత్తెయ్యి. నీళ్లతో కడిగితే మళ్లీ లోపలికే పోతుంది. తర్వాత సున్నం గచ్చు పూయించు. మొదటి పూత ఉప్పుని లాక్కుని రాలిపోవచ్చు, కంగారుపడకు, రాలిన చోట మళ్లీ పూయిస్తే సరి.

వెలుతురు కోసం పైకప్పులో వదిలిన గవాచి మూయించొద్దు. గాడి రాయి తీయించొద్దు, ఎద్దుల మెడలు రాసుకుని దాని అంచు అద్దంలా నునుపెక్కింది.

మేస్త్రీ వచ్చే ముందురోజు ఫోన్ చెయ్యి, తొలి బస్సుకే వస్తా.

మీ పెదనాన్న