మీ అమ్మ బూట్లు ఇప్పుడే కొను

అమ్మణ్ణీ,

జూన్‌లో మీ అమ్మను రోము తీసుకెళ్తున్నావని విన్నప్పటి నుంచి నా ధ్యాసంతా దాని పాదాల మీదే ఉంది. వీసా గురించి అడిగావు, పచ్చళ్లు ఎలా ప్యాక్ చేయాలో అడిగావు, బూట్ల మాటొచ్చేసరికి మాత్రం "వెళ్లేముందు ఏదో ఒకటి కొంటాంలే పెద్దమ్మా" అనేశావు.

నేనూ అలాగే ప్రయాణానికి రెండు రోజుల ముందు కొన్నాను. షాపులో దూదిలా ఉన్న ఆ బూట్లు రోములో రెండో పూటకే కరిచాయి. రాత్రి సాక్స్ తీస్తే మడమ మీద రేగుపండంత బొబ్బ చితికి, చర్మం సాక్స్‌కి అంటుకుని ఉంది. మర్నాడు సెయింట్ పీటర్స్ చర్చి గోపురం ఎక్కాలని ఎంతో ఆశపడ్డాను. 551 మెట్లు. మావాళ్లు పైకి వెళ్తే నేను కింద స్తంభాల నీడలో పాదం చేత్తో పట్టుకుని కూర్చున్నాను. మీ అమ్మకు ఆ బాధ రాకూడదు.

"అలిపిరి 3,550 మెట్లు వట్టికాళ్లతో ఎక్కినదాన్ని, నాకేం" అంటుంది అది. అలిపిరి ఒక్క పూట. వెడల్పాటి మెట్లు, అలసిపోతే అక్కడే కూలబడతాం. రోములో పాత వీధుల నిండా చిన్న చిన్న నల్లరాళ్లు పరిచి ఉంటాయి. వాటి మీద అడుగు వేసిన ప్రతిసారీ పాదం కాస్త అటో ఇటో ఒరుగుతుంది. జూన్‌లో అక్కడ రాత్రి ఎనిమిదిన్నర దాటినా వెలుతురే, అందుకని ఎంత నడిచామో తెలియదు. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండ చూసినవాళ్లకు ఆ ఎండ ఒక లెక్కా అనుకోకు. ఇక్కడ మిట్టమధ్యాహ్నం ఫ్యాను కింద ఉంటాం, అక్కడ ఆ వేళకు క్యూలో ఉంటాం.

కావలి నుంచి సాయంత్రం బండికి రండి, నెల్లూరు ట్రంక్ రోడ్డులో బూట్ల షాపుకు వెళ్దాం. సాయంత్రమే ఎందుకంటే పొద్దుటి నుంచి తిరిగిన పాదం అప్పటికి కాస్త ఉబ్బుతుంది. పొద్దున సరిపోయిన బూటు రాత్రికి బిగుసుకుపోతుంది. వచ్చేముందు ఇంట్లో ఒక పని చెయ్యి. అమ్మను పేపరు మీద నిలబెట్టి రెండు పాదాల చుట్టూ పెన్సిల్‌తో గీసి, గీత వెంబడి కత్తిరించు. చాలామందికి ఒక పాదం కాస్త పెద్దది, దానికే కొలత చూడాలి. షాపులో బూటు లోపలి అట్ట తీసి దాని మీద ఆ కాగితం పెడితే వెడల్పు చాలుతుందో లేదో తెలిసిపోతుంది. ఏళ్ల తరబడి చెప్పులే వేసుకున్న పాదాలు కదా, వేళ్లు విచ్చుకుని ఉంటాయి. సైజు నంబరు నమ్ముకోవద్దు, కంపెనీకో తీరుగా ఉంటుంది. అమ్మ నిలబడినప్పుడు పొడుగాటి వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, నడిస్తే మడమ పైకి జారకూడదు.

బూటును రెండు చేతులతో వంచి చూడు. వేళ్ల మొదట్లో వంగాలి. నడిమికి మడత పడితే అది పనికిరాదు. పైభాగం గాలి ఆడే జాలీ గుడ్డ అయితే మంచిది. వాటర్‌ప్రూఫ్ అని చూపిస్తారు, ఎండాకాలానికి వద్దు, లోపల చెమట ఆరదు. తడిసిన చర్మం రాసుకుంటే బొబ్బలు త్వరగా లేస్తాయి. అందుకే సాక్స్ కూడా ఉత్త కాటన్‌వి కాకుండా చెమట త్వరగా ఆరే రకం తీసుకో. వాటినే తొడిగి బూటు చూడాలి.

అన్నిటికన్నా ముఖ్యం అమ్మకు షుగరు ఉంది. పాదాలకు స్పర్శ తగ్గితే బొబ్బ లేచినా నొప్పి తెలియదు. రోజూ రాత్రి అరికాళ్లు, వేళ్ల సందులు నువ్వే కళ్లారా చూడు. "నాకేం కాలేదులే" అంటే వినకు. బూటు తొడిగేముందు లోపల చెయ్యి పెట్టి తడుము, చిన్న రాయి ఉన్నా పుండవుతుంది. బొబ్బ లేస్తే చిదపకుండా కట్టు కట్టి డాక్టరుకు చూపించు.

కొన్నాక డబ్బాలో దాచొద్దు. ఇంకా ఆరు వారాలుంది. మొదట ఇంట్లో అరగంట, తర్వాత కూరగాయలకు వెళ్లేటప్పుడు, ఆ తర్వాత సిమెంటు రోడ్డు మీద గంట. ఎక్కడైనా ఎర్రబడితే ఇక్కడే తెలుస్తుంది, మార్చుకోవచ్చు. విమానంలో అవే తొడిగించు, పెట్టె తప్పిపోయినా బూట్లు కాళ్లకే ఉంటాయి. కాళ్లు ఉబ్బుతాయి కాబట్టి లేసులు వదులు చెయ్యి. సాయంత్రాలకు వెనక పట్టీ ఉన్న పాత శాండల్స్ ఒక జత పెట్టు.

ఆదివారం వస్తారు కదా. ఆ కాగితాలు, సాక్స్ సంచిలో వేసుకుని రండి.

మీ పెద్దమ్మ