మీ వివరాలు చెప్పినంత మాత్రాన అతను కంపెనీ మనిషి కాడు

మీరు అడిగింది ఇది: క్రిప్టో ఎక్స్ఛేంజ్ (బిట్‌కాయిన్ వంటివి కొని, అమ్ముకునే సంస్థ) కస్టమర్ కేర్ అంటూ ఒకరు ఫోను చేసి మీ పూర్తి పేరు, ఈమెయిలు, పాన్ నెంబరులోని చివరి నాలుగు అంకెలు, అక్షరాలు సరిగ్గా చెప్పారు. మీ ఖాతాలోకి ఎవరో చొరబడ్డారని, డబ్బంతా తాము పంపే కొత్త వాలెట్‌లోకి మార్చుకోవాలని తొందరపెడుతున్నారు. ఇన్ని వివరాలు తెలిసినవారు మోసగాళ్లు ఎలా అవుతారు?

మోసగాళ్లే. దయచేసి ఒక్క రూపాయి కూడా కదిలించకండి. వాలెట్ అంటే క్రిప్టో దాచుకునే యాప్, దానికి తాళంచెవి పన్నెండు పదాలు. ఆ కొత్త వాలెట్‌కు ఆ పదాలను వారే ఇస్తారు. ఆ పదాలు ఎవరికి తెలిస్తే సొమ్ము వారిది. ముందే వారి దగ్గర ఉన్న పదాలతో తెరిచే వాలెట్ మీది ఎలా అవుతుంది?

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తాను. 2024 ఫిబ్రవరిలో ఎక్స్ఛేంజ్‌లో దాచుకున్న 1,420 యూఎస్‌డీటీని (డాలరు విలువతో ముడిపడిన క్రిప్టో) నా సొంత వాలెట్‌కు పంపుకున్నాను. అప్పటి ధర ప్రకారం సుమారు లక్షా ఇరవై వేల రూపాయలు. గంట గడిచినా వాలెట్‌లో ఏమీ కనిపించలేదు. కంగారుపడి ఆ వాలెట్ వాడేవారి టెలిగ్రామ్ గ్రూపులో స్క్రీన్‌షాట్‌తో సహా నా ఇబ్బంది రాశాను. పది నిమిషాల్లో కంపెనీ గుర్తు పెట్టుకున్న ఒక ఖాతా నుంచి సందేశం, ఆ వెంటనే ఫోను.

చక్కని తెలుగులో, ఎంతో మర్యాదగా మాట్లాడాడు. నా పేరు, పంపిన మొత్తం, పంపిన సమయం అన్నీ చెప్పాడు. అవన్నీ నేను పెట్టిన స్క్రీన్‌షాట్‌లో ఉన్నవేనని ఆ క్షణాన తట్టలేదు. నన్ను పూర్తిగా నమ్మించింది మాత్రం మరో మాట: "సార్, మీ పన్నెండు పదాలు ఎవరికీ చెప్పకండి, నాకు కూడా చెప్పవద్దు. మేము పంపిన పేజీలో మీరే నింపండి." పదాలు వద్దన్నవాడు దొంగ ఎలా అవుతాడనుకుని నింపాను. ఆ పేజీ అతనిదే. రెండు నిమిషాల్లో వాలెట్ ఖాళీ అయింది.

అసలు సమస్యే లేదని మర్నాడు తెలిసింది. అతను ఫోను చేసేసరికే సొమ్ము వచ్చి చేరింది. వాలెట్ తెరపై ఆ టోకెన్‌ను చూపించే ఏర్పాటు నేను చేసుకోలేదు, అంతే. పంపిన లావాదేవీ నెంబరును, లావాదేవీలన్నీ అందరికీ కనిపించే వెబ్‌సైటు అయిన బ్లాక్‌చెయిన్ ఎక్స్‌ప్లోరర్‌లో వేసి చూసుకున్నా ఎవరి సాయమూ లేకుండా తెలిసిపోయేది.

నన్ను ఈనాటికీ బాధపెట్టేది పోయిన డబ్బు ఒక్కటే కాదు. యార్డులో ఎవరైనా ఫోను చేసి, ఫలానా వ్యాపారి తరఫున మాట్లాడుతున్నాను, కోల్డ్ స్టోరేజీలోని సరుకు లారీకి ఎత్తించండి అంటే మేము ఎత్తించం. ఫోను పెట్టేసి, మా పుస్తకంలో ఉన్న ఆ వ్యాపారి నెంబరుకు మేమే చేస్తాం. టిక్కీల (మిర్చి బస్తాల) సంఖ్య, లాట్ నెంబరు సరిగ్గా చెప్పినా సరే. అవి హమాలీకీ తెలుసు, లారీ డ్రైవరుకూ తెలుసు. సరుకు విషయంలో రోజూ చేసే ఆ పనిని నా సొంత డబ్బు దగ్గర చేయలేదు.

మీ వివరాలు వారికి ఎలా చేరాయో నేను చెప్పలేను. కానీ దారులు చాలా ఉన్నాయి. అమెరికాలోని కాయిన్‌బేస్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజ్ 2025 మేలో ఒక విషయం బయటపెట్టింది: విదేశాల్లోని తమ సహాయ సిబ్బందిలో కొందరికి లంచమిచ్చి నేరగాళ్లు 69,000 మందికి పైగా ఖాతాదారుల వివరాలు సంపాదించారు. పేర్లు, చిరునామాలు, ఫోను నెంబర్లు, గుర్తింపు కార్డుల చిత్రాలు, ఖాతా నిల్వలు కూడా. కంపెనీ మనుషులమని చెప్పి సొమ్ము రాబట్టడానికే అదంతా. అంటే కంపెనీకి మాత్రమే తెలిసిన సంగతి చెప్పినా అది రుజువు కాదు.

అందుకే ఫోను పెట్టేయండి. ఎక్స్ఛేంజ్ యాప్‌ను మీరే తెరిచి, అందులోని సహాయ విభాగంలో అడగండి. కస్టమర్ కేర్ నెంబరు కోసం గూగుల్‌లో వెతకకండి, దొంగ నెంబర్లు ప్రకటనల రూపంలో అక్కడే పైన కనిపిస్తాయి. తెర చూపించమంటూ ఎనీడెస్క్ వంటి యాప్ వేసుకోమంటే మాట అక్కడే ఆపేయండి. యాంటీ ఫిషింగ్ కోడ్ పెట్టుకునే వీలు మీ ఎక్స్ఛేంజ్‌లో ఉంటే పెట్టుకోండి. అప్పుడు అసలు ఈమెయిళ్లలో మీరు ఎంచుకున్న ఆ మాట కనిపిస్తుంది. కొత్త చిరునామాకు సొమ్ము వెళ్లే ముందు కొంత గడువు ఉండే ఏర్పాటు ఉంటే అదీ చేసుకోండి.

ఒకవేళ సొంత వాలెట్ పదాలు ఇప్పటికే ఎక్కడైనా టైపు చేసి ఉంటే ఇది చదవడం ఆపేయండి. కొత్త వాలెట్ మీరే తెరిచి మిగిలినదంతా ముందు అందులోకి మార్చండి. పాస్‌వర్డ్ మార్చినా, యాప్ తీసేసినా ఫలితం ఉండదు. ఆ పదాలతో అతను ఏ ఫోనులోనైనా మీ వాలెట్ తెరవగలడు.

సొమ్ము పోయినవారు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేసి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయాలి. లావాదేవీ నెంబరు, సొమ్ము వెళ్లిన చిరునామా తప్పకుండా రాయండి. ఆ సొమ్ము ఏదైనా ఎక్స్ఛేంజ్‌కు చేరితే అక్కడ ఆపించే అవకాశం ఉంటుంది. నేను మూడు రోజులు ఆలస్యం చేశాను, నాది తిరిగి రాలేదు. ఈలోగా, పోయిన క్రిప్టోను వెనక్కి రప్పిస్తామని, ముందుగా రుసుము కట్టమని మరొకరు ఫోను చేశారు. అదీ మోసమే, మీకూ అలాంటి ఫోను రావచ్చు.

ఇంకొక పని మాత్రం ఈ రాత్రే చేయండి. టెలిగ్రామ్‌లో అవతలివారు సంభాషణను మన ఫోనులో నుంచి కూడా తీసేయగలరు. నా ఫిర్యాదుకు జత చేయడానికి చూస్తే ఒక్క అక్షరం మిగల్లేదు. మీకు వచ్చిన సందేశాలన్నింటికీ, ఆ ఫోను నెంబరుకూ ఇప్పుడే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి.