200 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్నా పై అంతస్తుకి నెట్ రావట్లేదు. రెండో రౌటర్ పెట్టాక షాపులో ప్రింటర్ కూడా దొరకట్లేదు. ఏం చేయాలి?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ: నాచారంలో జీ ప్లస్ టూ ఇల్లు, కింద మీ బావగారి జిరాక్స్ షాపు, పైన రెండు అంతస్తుల్లో మీరు. రెండో అంతస్తుకి వైఫై అందక ఇంకో రౌటర్ కొని పెట్టారు. అప్పట్నుంచి షాపులో ప్రింటర్ ఒకరోజు దొరుకుతుంది, ఒకరోజు దొరకదు. నెట్ వాళ్లేమో ప్లాన్ 500కి మార్చుకోమంటున్నారు.

మార్చకండి. కనీసం ఈ వారం మార్చకండి.

నేను నెట్‌వర్క్ ఇంజినీర్ని కాదు. మల్కాజ్‌గిరిలో చిన్న డీటీపీ షాపు, పైనే ఇల్లు. మీకున్న బాధలన్నీ నేనూ పడ్డాను. రెండుసార్లు ప్లాన్ పెంచి డబ్బులు తగలేశాను కూడా. నాకు తెలిసొచ్చింది ఒకటే: నెట్ గేటు దాకా బాగానే వస్తోంది, తేడా అంతా మా ఇంట్లోనే ఉంది.

అందుకని ముందు ఒక పని చేయండి. ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేసి, కింద మెయిన్ రౌటర్‌కి నేరుగా వైరు పెట్టి స్పీడ్ టెస్ట్ చేయండి. 190 దగ్గర వస్తే నెట్ వాళ్ల తప్పేం లేదు. చాలామంది ఈ పరీక్ష చేయకుండా, పై అంతస్తులో మంచం మీద పడుకుని ఫోన్‌లో టెస్ట్ చేసి కస్టమర్ కేర్‌తో గొడవ పెట్టుకుంటారు. నేనూ అదే చేశాను.

నాకు వైరు పెట్టినా 94 వచ్చేది. పొద్దున చూసినా 94, అర్ధరాత్రి చూసినా 94. నెట్ నిజంగా స్లో అయితే అంకె పైకీ కిందకీ ఊగుతుంది. మేకు కొట్టినట్టు అక్కడే నిలబడిందంటే వైరును అనుమానించాలి. నెట్‌వర్క్ కేబుల్లో ఎనిమిది తీగలు, అంటే నాలుగు జతలు ఉంటాయి. 100 ఎంబీపీఎస్ లింకుకి నారింజ, ఆకుపచ్చ జతలు చాలు. అంతకు మించి గిగాబిట్‌కి, అంటే 1000 ఎంబీపీఎస్‌కి, వెళ్లాలంటే నాలుగు జతలూ పనిచేయాలి. నీలంలోనో గోధుమలోనో ఒక్క తీగ అందకపోయినా, రెండు వైపుల డబ్బాలు సాధారణంగా 100కి దిగి సర్దుకుపోతాయి. అందులో కొంత పంపకం ఖర్చులకే పోగా మిగిలేది ఆ 94.

సెల్‌ఫోన్ టార్చి వేసి జాక్‌ను ముందు నుంచి చూశాను. ఏడు తీగల కొసలు ప్లాస్టిక్‌కి ఆని మెరుస్తున్నాయి. చివరిదైన గోధుమ రంగు తీగ మాత్రం బియ్యపు గింజంత వెనక్కి ఉంది. కోసి కొత్త జాక్ కొట్టించాను. ఆ కుర్రాడు ఎక్కాలు చదివినట్టు వల్లించుకుంటూ పేర్చాడు: తెల్ల నారింజ, నారింజ, తెల్ల ఆకుపచ్చ, నీలం, తెల్ల నీలం, ఆకుపచ్చ, తెల్ల గోధుమ, గోధుమ. రెండో వైపు కూడా ఇదే వరుస. ఐదు నిమిషాల పని. దీని కోసం నేను ఆరు నెలలు పెద్ద ప్లాన్‌కి డబ్బు కట్టాను.

ఇక రెండో రౌటర్. ఇంట్లో ఉన్న ప్రతి ఫోనుకి, ప్రింటర్‌కి, కెమెరాకి రౌటర్ ఒక డోర్ నంబర్ ఇస్తుంది. 192.168.1.5, 192.168.1.6 ఇలా ఉంటాయి. దీన్నే ఐపీ అడ్రస్ అంటారు, పంచే పనిని డీహెచ్‌సీపీ అంటారు. ఒక ఇంట్లో ఈ నంబర్లు పంచేవాడు ఒక్కడే ఉండాలి. కింది నుంచి వచ్చిన వైరును రెండో రౌటర్ ల్యాన్ పోర్టులో, అంటే ఇంట్లో కంప్యూటర్లకి వైరు ఇచ్చే దాంట్లో, పెట్టి ఉంటే, ఇప్పుడు మీకు పంచేవాళ్లు ఇద్దరు. ఎవరు ముందు పలికితే వాళ్ల నంబర్. ఒక్కోసారి ఇద్దరూ ఒకే నంబర్ రెండు పరికరాలకి ఇచ్చేస్తారు. మీ ప్రింటర్ ఒకరోజు దొరికి ఒకరోజు దొరక్కపోవడం చూస్తే నాకు ఇదే అనిపిస్తోంది. అలా కాక వ్యాన్ పోర్టులో, అంటే బయటి నుంచి వచ్చే నెట్ వైరు పెట్టే దాంట్లో, పెట్టి ఉంటే పై అంతస్తు వేరు కాపురం పెట్టినట్టే. నెట్ వస్తుంది గానీ, పైనున్న ఫోను వెతికితే కింద ప్రింటర్ కనిపించదు.

మందు ఒకటే. రెండో రౌటర్ సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ (నంబర్లు పంచకుండా వైఫై మాత్రం ఇచ్చేది) ఉందేమో చూడండి, ఉంటే అది పెట్టేయండి. లేకపోతే దాని డీహెచ్‌సీపీ ఆపేసి, దాని సొంత అడ్రస్‌ను మెయిన్ రౌటర్‌ది కానిదిగా, ఇంకెవరికీ ఇవ్వని నంబర్‌గా మార్చి, వైరు ల్యాన్ పోర్టులో పెట్టండి. ఈ వరుసలోనే చేయండి. అడ్రస్ మార్చకుండా వైరు పెట్టేస్తే రెండూ 192.168.1.1 అని కొట్టుకుంటాయి, దేని సెట్టింగ్స్ పేజీ తెరుచుకుంటుందో చెప్పలేం.

ప్రింటర్‌కి ఇంకో తంటా ఉంది. కరెంటు పోయి వచ్చాక రౌటర్ దానికి వేరే నంబర్ ఇవ్వొచ్చు. కంప్యూటర్ మాత్రం పాత డోర్ దగ్గరే నిలబడి తలుపు కొడుతుంటుంది. మా షాపులో ఎండాకాలం అంతా ఇదే కథ, కస్టమర్ ఎదురుగా నిలబడి ఉండగా ప్రింటర్ ఆఫ్‌లైన్. మెయిన్ రౌటర్‌లో అడ్రస్ రిజర్వేషన్ అని ఉంటుంది. ప్రింటర్ మ్యాక్ అడ్రస్, అంటే తయారీలోనే దానికి వేసిన గుర్తింపు నంబర్, అక్కడ ఎక్కించి ఒక నంబర్ దాని పేరునే రాసిచ్చేయండి. మ్యాక్ అడ్రస్ ప్రింటర్ ఇచ్చే నెట్‌వర్క్ రిపోర్టు కాగితంలో దొరుకుతుంది.

పై అంతస్తు వైఫై సంగతి: స్లాబులో ఇనుము ఉంటుంది, దాన్ని దాటేసరికి రౌటర్ ఇచ్చే రెండు రకాల వైఫైలో 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ చాలావరకు చచ్చిపోతుంది. 2.4 అంతకన్నా దూరం పోతుంది గానీ నిదానం, పక్కింటి రౌటర్లతో, మైక్రోవేవ్ ఓవెన్‌తో గొడవ. ప్లగ్గులో పెట్టే రిపీటర్ కొనకండి. చాలా రిపీటర్లు అందుకోవడానికీ మళ్లీ పంపడానికీ ఒకే రేడియో వాడతాయి, స్పీడ్ సగం అక్కడే పోతుంది. డక్ట్ లోంచి ఒక్క కేబుల్ పైకి లాగించి, దాని చివర ఆ రెండో రౌటర్ పెట్టండి. కరెంటు వైర్లున్న పైపులో మాత్రం లాగనివ్వకండి. మీ ఇంటికి క్యాట్ 5ఈ చాలు, 100 మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది. క్యాట్ 6 అయితే మంచిదే.

కేబుల్ సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో కొన్నా, కోఠిలో కొన్నా, ప్యూర్ కాపర్ అని అడిగి తీసుకోండి. చవగ్గా ఇచ్చేవి చాలావరకు సీసీఏ, అంటే అల్యూమినియం మీద రాగి పూత. తీగ కొసను బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. నాలుగు మలుపులు తిరిగితే విరుగుతుంది, కెమెరాలకి అదే కేబుల్లో కరెంటు పంపాలనుకుంటే ఇంకా బాధ.

బావగారికి ఒక మాట చెప్పండి. జిరాక్స్ షాపుకి వచ్చేవాళ్లు ఫైల్ వాట్సాప్ చేయడానికి పాస్‌వర్డ్ అడుగుతారు, మొహమాటానికి ఇచ్చేస్తాం. మా గోడ మీద చీటీ అంటించి ఉండేది, నా బిల్లింగ్ కంప్యూటర్ ఉన్న నెట్‌వర్క్‌దే! గెస్ట్ నెట్‌వర్క్, అంటే వచ్చేపోయేవాళ్లకి విడిగా ఇచ్చే వైఫై, ఆన్ చేసి దాని పాస్‌వర్డ్ మాత్రమే ఇవ్వమనండి. రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా అడ్మిన్ అనే ఉంటే ఈరోజే మార్చండి.

ఇప్పటికి ప్లాన్ జోలికి, కొత్త డబ్బాల జోలికి పోకుండా, రేపు షాపు తెరిచే ముందు ఆ వైరు టెస్ట్ చేసి అంకె ఎంత వచ్చిందో రాయండి. 94 వస్తే జాక్‌ను దగ్గర్నుంచి ఫోటో తీసి పెట్టండి, చూసి చెబుతాను.