మెకానిక్ అంటే ఎందుకండీ అంత భయం?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. విమానాల్లో ఏవియానిక్స్, అంటే రేడియోల్లాంటి ఎలక్ట్రానిక్ పరికరాల, రిపేరు పని నేర్చుకుంటానంటున్నాడు. పుస్తకం పక్కన పెట్టి పాత రేడియోలు, ఇన్వర్టర్లు విప్పుకుని కూర్చుంటాడు. చివరికి మెకానిక్ అయిపోతాడేమోనని భయంగా ఉంది. ఏరోనాటికల్ బీటెక్ మేలా?
– ఒక తండ్రి, అనకాపల్లి

జవాబు: మీ బెంగ చదువు గురించి కాదు. పెళ్లిలో ఎవరైనా ‘అబ్బాయి ఏం చేస్తున్నాడు’ అని అడిగితే ఏం చెప్పాలా అని. మీరు ఎక్కిన విమానం ‘ఎగరడానికి సిద్ధం’ అని సంతకం పెట్టేది ఆ మెకానిక్కే. ఆ సంతకం లేనిదే పైలట్ కూడా కదలడు.

ఏరోనాటికల్ బీటెక్ మీద నాకున్న అనుమానం దాచను. అది ప్రధానంగా విమానాన్ని రూపొందించే చదువు. మన దేశంలో ఆ రూపకల్పన పనులు కొద్ది చోట్లే ఉన్నాయి. పేరు చూసి చేరి, నాలుగేళ్ల తర్వాత సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూలకు తిరిగిన పిల్లలు నా దగ్గరకు వస్తూనే ఉంటారు. పైగా ఆ పట్టాతో సంతకం హక్కు రాదు. దానికి కేంద్ర పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే ఏఎంఈ (విమాన మెయింటెనెన్స్ ఇంజినీర్) లైసెన్సు కావాలి. అందులో బీ1 ఇంజిన్, బాడీ పనులకు, బీ2 ఏవియానిక్స్‌కు.

కాలేజీవాళ్లు ‘కోర్సు కాగానే లైసెన్సు’ అంటే లేచి వచ్చేయండి. కాలేజీకి కార్-147 ఆమోదం (ఈ శిక్షణ ఇచ్చే సంస్థలకు డీజీసీఏ ఇచ్చేది) ఉందా, అది బీ2కి కూడా ఉందా అన్నది డీజీసీఏ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి. లైసెన్సు పరీక్షల్లో ప్రతి మాడ్యూల్‌లోనూ, అంటే ప్రతి పాఠ్య విభాగంలోనూ, 75 శాతం రావాలి. ఆమోదం ఉన్న కోర్సు చేసినా నడుస్తున్న విమానాల మీద రెండేళ్ల పని అనుభవం చూపాలి. ఆ తర్వాత ఎయిర్‌బస్ ఏ320 లాంటి ఒక్కో రకానికి విడిగా టైప్ రేటింగ్, అంటే ఆ రకం విమానం మీద సంతకం పెట్టే అర్హత. ఓపిక లేనివారికి ఈ దారి వద్దు.

ఇక నైపుణ్యం. స్క్రూడ్రైవర్ తిప్పడం నెలలో వస్తుంది, వైరింగ్ డయాగ్రమ్ చదవడానికి ఏళ్లు పడుతుంది. గాలిలో రేడియో గరగరలాడిందని పైలట్ రాస్తాడు. నేల మీద పరీక్షిస్తే అంతా బాగుంటుంది. తొందరపడేవాడు రేడియో పెట్టెనే మార్చేస్తాడు. అది వర్క్‌షాపుకు వెళ్లి ‘లోపం లేదు’ అన్న చీటీతో తిరిగొస్తుంది. వారం తర్వాత మళ్లీ అదే గరగర. చివరికి చూస్తే ఏదో కనెక్టర్‌లో ఒక పిన్ను వదులై ఉంటుంది. వైరు వెంట ఓపిగ్గా నడిచినవాడికే అది దొరుకుతుంది. మాన్యువల్స్ అన్నీ ఇంగ్లిషులోనే ఉంటాయి కనుక ఆ భాష చదివితే అర్థమవ్వాలి. రంగుల తేడా తెలియాలి, ముందే కంటి పరీక్ష చేయించండి. విమానాలు ఎక్కువగా పగలు ఎగురుతాయి, రిపేర్లు చాలావరకు రాత్రి సాగుతాయి, కాబట్టి రాత్రి డ్యూటీలు తప్పవు.

పని దొరకదేమోనన్న దిగులు మాత్రం పెట్టుకోకండి. శంషాబాద్‌లోనే విమానాలు రిపేరు చేసే జీఎంఆర్ ఏరో టెక్నిక్ సంస్థ హ్యాంగర్లు (విమానాల షెడ్లు) ఉన్నాయి. రిపేరు లేని విమానం ఇంకా పుట్టలేదు.

మీరు ఫిర్యాదుగా రాసిన సంగతే నాకు అన్నిటికన్నా నచ్చింది. ఆ ఇన్వర్టర్ ఎందుకు పాడైందో మీ అబ్బాయిని ఒకసారి అడగండి. ‘బోర్డు మార్చేశాను’ అంటే ఇంకా ఆలోచిద్దాం. ‘ఫలానా చోట టంకం ఊడింది, ఇలా కనిపెట్టాను’ అంటే తిట్టడం మానేసి, కాలేజీల జాబితాతో నాకు మళ్లీ రాయండి.