హాస్టల్ వార్డెన్‌గా చేస్తున్నా, కౌన్సెలర్ అవ్వాలనుంది... నాన్న బీఈడీ అంటున్నారు

ప్రశ్న: బీఏ చదివాను. రెండేళ్లుగా ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ అమ్మాయిల హాస్టల్లో వార్డెన్‌గా చేస్తున్నాను. రాత్రిళ్లు పిల్లలు నా దగ్గరికొచ్చి ఏడుస్తారు. ఏం చెప్పాలో తెలియదు, నేను ఉత్త వార్డెన్‌ని. కౌన్సెలింగ్ కోర్సు చేయాలనుంది. నాన్నేమో బీఈడీ చేసి టీచర్ పోస్టుకి ప్రయత్నించమంటున్నారు. ఏం చేయమంటారు? (గుంటూరు జిల్లా)

జవాబు: కోర్సుల సంగతి చెప్తానమ్మా, కానీ ముందు ఆ "ఉత్త వార్డెన్" అన్న మాట తీసేయండి. పిల్లలు ఏడవడానికి మీ గదికే వస్తున్నారంటే ఆ భవనంలో వాళ్లు నమ్మింది మిమ్మల్నే.

చాలా ఏళ్ల క్రితం ఒక కాలేజీ హాస్టల్ వాళ్లు నన్ను స్టాఫ్‌తో మాట్లాడమని పిలిచారు. లెక్చరర్లందర్నీ కూర్చోబెట్టారు కానీ వంటమ్మనీ ఆయానీ పిలవలేదు, అది వాళ్లకి తట్టనే లేదు. మీటింగ్ అయ్యాక బయట ఆయా నన్ను ఆపి, ఫలానా రూములో పిల్ల వారం పదిరోజులుగా కంచంలో అన్నం అలాగే వదిలేస్తోంది సార్, ఎవరికి చెప్పాలో తెలీట్లేదు అంది. లోపల రెండు గంటలు మాట్లాడినా ఆ పిల్ల సంగతి ఒక్కరి నోటా రాలేదు. అప్పట్నుంచి నేను ఎక్కడికెళ్లినా వంటగది వాళ్లు, వాచ్‌మన్‌తో సహా అందరూ ఉంటేనే మాట్లాడతాను.

మీరు చూడాల్సింది మార్పు. తినే పిల్ల తినకపోవడం, ఆదివారం ఇంటికి ఫోన్ చేసిన ప్రతిసారీ సాయంత్రానికి కడుపునొప్పి రావడం, తల దువ్వుకోవడం మానేయడం, ఎప్పుడూ గొడవ చేసే పిల్ల ఒక్కసారిగా నెమ్మదైపోవడం. ఒక్కోసారి కారణం చిన్నదే, రాత్రి బాత్రూముల దగ్గర లైటు లేక భయపడి నీళ్లు తాగడం మానేసిన పిల్లలు కూడా ఉంటారు. బల్బు వేయించడం కూడా పిల్లల మనసు బాగు చేయడమే, దానికి ఏ డిగ్రీ అక్కర్లేదు.

ఎవరైనా వచ్చి ఏడిస్తే వెంటనే సలహా ఇవ్వొద్దు, అందరూ చదువుతున్నారుగా నీకేమైంది అని అసలే అనొద్దు. కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, వినండి. ఇంకోటి, ఇది మనలో చాలామంది ప్రేమతోనే చేసే తప్పు: "ఎవరికీ చెప్పనులే" అని మాటివ్వకండి. రేపు ఆ పిల్ల తనని ఎవరో లైంగికంగా వేధిస్తున్నారని చెబితే ఆ మాట మీరు నిలబెట్టుకోలేరు. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి, తెలిసీ చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు శిక్ష పడొచ్చు. మేనేజ్‌మెంట్‌కి చెప్పేశాను కదా అంటే సరిపోదు. "నీకు సాయం చేయగలిగినవాళ్లకి మాత్రమే చెప్తాను, చెప్పే ముందు నీకు చెప్తాను" అనండి, అది నిలబెట్టుకోగల మాట. తరచి తరచి అడగొద్దు, మీరే నిజానిజాలు తేల్చాలని చూడొద్దు. పిల్ల అన్న మాటల్ని అన్నట్టే తేదీ, టైముతో రాసిపెట్టుకుని పోలీసులకి చెప్పండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కూడా ఫోన్ చేయండి. జిల్లా బాలల సంక్షేమ కమిటీ, బాలల పరిరక్షణ యూనిట్ ఉన్నది ఇలాంటి పిల్లల కోసమే. చచ్చిపోవాలనుంది అని ఎవరైనా అంటే మాత్రం ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు, వెంటనే ప్రిన్సిపాల్‌కీ ఇంట్లోవాళ్లకీ చెప్పాలి, డాక్టర్‌కి చూపించాలి.

ఆ 14416 నంబరు మీ హాస్టల్ గోడ మీద ఉందా? విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి మరణం కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల్లో అదొకటి. వంద మంది లేదా అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ ఒక్కరైనా ఉండాలని, బోధన, బోధనేతర సిబ్బంది అందరికీ ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలని కూడా అందులో ఉంది. బోధనేతర సిబ్బంది అంటే మీరే, కాబట్టి శిక్షణ ఎప్పుడని అడగండి. అలాగే వారానికి ఒక సెలవు అడిగి తీసుకోండి, నిద్రలేని మనిషికి ఇతరుల బాధ వినే ఓపిక ఎక్కడ్నుంచొస్తుంది?

ఇక చదువు. వారాంతాల్లో రెండు నెలల కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకుని కౌన్సెలర్ అని బోర్డు పెట్టేవాళ్లున్నారు, ఆ దారిలోకి వెళ్లొద్దు. మీకు ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) నప్పుతుందని నా అభిప్రాయం, ఎందుకంటే మీ పనిలో పిల్లలతో పాటు వాళ్ల ఇల్లు, హాస్టల్, తిండి అన్నీ కలిసే ఉన్నాయి. ఆంధ్రా, ఉస్మానియా యూనివర్సిటీల్లో సోషల్ వర్క్ ఉంది. ఉద్యోగం మానలేకపోతే దూరవిద్య యూనివర్సిటీ ఇగ్నోలో ఎంఎస్‌డబ్ల్యూకి ఏ డిగ్రీతోనైనా చేరొచ్చు. క్లినికల్ సైకాలజిస్టు అవ్వాలంటే వేరే దారి, దానికి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉండాలి.

ఉద్యోగాల విషయం దాచను. పిల్లల రక్షణ కోసం ఉన్న కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద జిల్లాల్లో ఉండే కౌన్సెలర్, సోషల్ వర్కర్ పోస్టులు కాంట్రాక్టువి. ప్రైవేటు స్కూళ్లలో కౌన్సెలర్ ఉద్యోగాలు ఎక్కువగా పెద్ద ఊళ్లలోనే ఉంటాయి. అందుకే నాన్నగారి మాట కొట్టిపారేయలేను. బీఈడీ చేసి టీచర్ అయినా ఈ పని పోదు, ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్ డిప్లొమా బీఈడీ చేసినవాళ్లకీ ఉంది, మనకి దగ్గర్లో మైసూరు కేంద్రం. నాన్నగారికి ఆ డిప్లొమా వివరాలు చూపించి మాట్లాడండి, బహుశా ఇద్దరూ ఒకే చోటికి వస్తారు.

అడ్మిషన్లు వచ్చేలోపు ఒక నోటుబుక్ పెట్టండి. పిల్లల పేర్లు వద్దు. ఏం గమనించారు, ఏం చేశారు, తర్వాత ఏమైంది, ఇంతే రాయండి. రేపు ఇంటర్వ్యూలో పిల్లలతో అనుభవం ఉందా అని అడిగినప్పుడు రెండేళ్లు వార్డెన్‌గా చేశాను అని చెప్పి ఊరుకోకుండా, ఏమేం చేశారో చెప్పగలుగుతారు.