సెల్లార్‌లో దాక్కుంటే రేడియేషన్ రాదా?

ప్రశ్న: అణుబాంబు పడితే సెల్లార్‌లోకి వెళ్లమంటారు. రేడియేషన్ కాంక్రీటులోంచి కూడా దూసుకొస్తుందని చదివాను. మరి కింద దాక్కుని ఏం లాభం? తలుపు సందులన్నీ టేపు వేసి మూసేస్తే సరిపోదా?
– ఒక పాఠకురాలు

జవాబు: దూసుకొస్తుందమ్మా, కాదనను. ఎంత మిగిలి వస్తుందన్నదే లెక్క.

బాంబు నేలకు దగ్గరగా పేలితే మట్టి ఆవిరై పైకి లేచి, రేడియోధార్మిక ధూళిగా మళ్లీ రాలుతుంది. 1954 మార్చి 1న పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవుల్లో అమెరికా జరిపిన పరీక్షలో, ఎక్కడో దూరాన వేటలో ఉన్న జపాన్ చేపల పడవ మీద తెల్లటి బూడిదలా కురిసింది అదే. పడవలోని 23 మందీ జబ్బుపడ్డారు. ఈ ధూళి మీ గదిలోకి రానక్కర్లేదు. ఇంటి కప్పు మీదా, చుట్టూ నేల మీదా పడి ఉంటే చాలు, అక్కణ్నుంచే గామా కిరణాలు పంపుతుంది. మీరన్న, కాంక్రీటులోంచి దూసుకొచ్చే రేడియేషన్ అదే.

సెల్లార్‌లో ఉంటే పక్కల నుంచి వచ్చే కిరణాలను భూమే ఆపేస్తుంది. సుమారు 6 సెంటీమీటర్ల కాంక్రీటో, 9 సెంటీమీటర్ల గట్టి మట్టో అడ్డుంటే కిరణాలు సగమవుతాయి. ఇంకో 6 సెంటీమీటర్లు వేస్తే ఆ సగంలో సగం. ఇలా పదిసార్లు సగమైతే మిగిలేది దాదాపు వెయ్యో వంతు. 3 అడుగుల (దాదాపు 90 సెంటీమీటర్ల) మట్టి కప్పమనేది అందుకే. దీనికి సీసం పలకలే కావాలనుకోవడం ఉత్త భ్రమ, బరువైనదేదైనా పనిచేస్తుంది. ఇసుక బస్తాలు, నీళ్ల డ్రమ్ములు, చివరికి ఎవరూ చదవని లావుపాటి పుస్తకాలైనా సరే.

బలహీనమైనది నెత్తిమీది కప్పు. చిన్న చెక్క ఇంటి సెల్లార్‌లో బయటి మోతాదులో దాదాపు పదో వంతు తగులుతుంది. పెద్ద కాంక్రీటు భవనం కిందైతే రెండు వందల్లో ఒక వంతుకూ తగ్గొచ్చు. నేల మట్టంలో నాలుగువైపులా తెరిచి ఉన్న పార్కింగ్‌ను మాత్రం నమ్ముకోకండి. దానికన్నా, ఎత్తైన భవనంలో మధ్య అంతస్తు, అందులోనూ నడిమి గది నయం.

ఇక కాలం మన పక్షమే. పేలిన గంటకు ఉన్న తీవ్రత 7 గంటలకు పదో వంతుకు, 2 రోజులకు నూరో వంతుకు పడిపోతుంది. కనీసం మొదటి 24 గంటలు బయటికి రావద్దనేది ఇందుకే.

టేపు సంగతి: కిటికీలు, తలుపులు మూయండి, ఫ్యాన్లు ఆపండి. అంతేగానీ పదిమంది కూర్చున్న గదిని గాలి చొరకుండా బిగించేస్తే, ధూళి కన్నా ముందు ఉక్కపోతే మీ ప్రాణం తీస్తుంది.