కొలనోస్కోపీ ఎవరికి ఎక్కువ ప్రమాదం?
కొలనోస్కోపీ (మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి పెద్దపేగును చూసే పరీక్ష) తర్వాత చిక్కులు ఎక్కువగా వచ్చేది వయసు మళ్లినవారికి, గుండె లేదా మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి, రక్తం పలచబరిచే మందులు వాడేవారికి, పెద్ద పాలిప్ (పేగు లోపలి గోడపై పెరిగే కండ) తీయించుకునేవారికి. పాలిప్ కోసిన చోట పుండు పడుతుంది. అది మానేలోగా, రెండు వారాల వరకూ రక్తం కారవచ్చు. గుండె రక్తనాళంలో స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే చిన్న గొట్టం) వేయించుకుని, రక్తం గడ్డకట్టకుండా చూసే క్లోపిడోగ్రెల్ మాత్ర వాడే అనంతపురం పెద్దాయనకు 2 సెంటీమీటర్ల పాలిప్ తీశారనుకుందాం: ఇంటికి వెళ్లిన వారానికి మలంలో రక్తం కనిపించవచ్చు. (అక్కడి మే ఎండల్లో, పరీక్షకు ముందు పేగు శుభ్రం కావడానికి ఇచ్చే విరేచనాల మందు తాగితే ఒంట్లో నీరు తగ్గి మూత్రపిండాలకూ భారమే.) గొట్టమే పేగును చీలుస్తుందని చాలామంది భయం, చూసి వదిలేసే పరీక్షలో అది చాలా అరుదు. అంతకంటే చెడ్డ పొరపాటు, క్లోపిడోగ్రెల్ మాత్రను సొంతంగా మానేయడం. స్టెంట్ మూసుకుపోతే రక్తస్రావం కంటే పెద్ద ముప్పు; ఆపాలో వద్దో గుండె డాక్టరే చెప్పాలి.